అంతరిక్షంలో నాచు పెంచే చదువు: బైపీసీ విద్యార్థినికి దారి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. వ్యోమగాములకు ఆక్సిజన్ ఇచ్చే శైవలాలపై (నాచుపై) పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. దీనికి భవిష్యత్తు ఉందా? ఏం చదివించాలి? – ఒక తండ్రి, ఖమ్మం

సమాధానం: మీ అమ్మాయి కోరుకుంటున్నది ఊహల్లోని పని కాదు. 2025లో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చేపట్టిన ప్రయోగాల్లో సూక్ష్మశైవలాలు, సయనోబాక్టీరియా (నాచులాగే వెలుతురుతో ఆక్సిజన్ ఇచ్చే బాక్టీరియా) కూడా ఉన్నాయి. వాటి వెనుక న్యూఢిల్లీలోని ఐసీజీఈబీ (అంతర్జాతీయ జన్యు ఇంజినీరింగ్, బయోటెక్నాలజీ కేంద్రం) శాస్త్రవేత్తల కృషి ఉంది. అంతకు చాలా ముందే, 1960లలో, సైబీరియాలోని క్రాస్నోయార్స్క్ శాస్త్రవేత్తలు మూసివున్న గదిలోని మనిషికి క్లోరెల్లా అనే ఏకకణ ఆకుపచ్చ నాచుతో ఆక్సిజన్ అందించారు. ఒక్కరికి సుమారు 8 చదరపు మీటర్ల మేర వెలుతురు పడే క్లోరెల్లా సరిపోతుందని వారు తేల్చారు. ఐరోపా అంతరిక్ష సంస్థ వారి మెలిస్సా ప్రాజెక్టు ప్రయోగశాల ఇప్పటికీ బార్సిలోనాలో స్పైరులినా అనే సయనోబాక్టీరియాతో ఆక్సిజన్ తయారీపై పనిచేస్తోంది.

అయితే ఒక విషయం అమ్మాయికి ముందే స్పష్టంగా చెప్పండి. ఇందులో కష్టమంతా నాచును బతికించడంలో కన్నా, దాన్ని వెలుతురులో పెంచే పరికరమైన ఫోటోబయోరియాక్టర్‌ను నడపడంలో ఉంది. భూమి మీద గాలి బుడగ నీళ్లలో తనంతట తాను పైకి తేలుతుంది. భారరహిత స్థితిలో అది ఎక్కడిదక్కడే ఉండిపోతుంది కాబట్టి, కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి పంపడానికీ ఆక్సిజన్‌ను వేరుచేయడానికీ పొరల వంటి వేరే ఏర్పాట్లు కావాలి. నాచు చిక్కబడేకొద్దీ పైకణాల నీడ పడి లోపలి కణాలకు వెలుతురు అందదు. ఇవన్నీ లెక్కలతో తేల్చవలసినవే. అందుకే గణితమంటే భయపడి బైపీసీ తీసుకున్న పిల్లలకు ఈ రంగాన్ని నేను సూచించను.

లెక్కలపై ఇష్టం ఉంటే రాష్ట్ర ప్రవేశపరీక్ష ఎప్‌సెట్ బైపీసీ విభాగం ద్వారా బీటెక్ బయోటెక్నాలజీలో చేర్పించండి. బ్రిడ్జి కోర్సుగా చెప్పే గణితాన్ని తేలిగ్గా తీసుకోనివ్వకండి. తర్వాత ఎంటెక్ ప్రవేశపరీక్ష గేట్ రాసి బయోప్రాసెస్ ఇంజినీరింగ్ (జీవకణాలతో ఉత్పత్తి చేసే సాంకేతికత) వైపు ఎంటెక్‌కు వెళ్లవచ్చు. జీవశాస్త్రమే ప్రాణమనుకుంటే బీఎస్సీలో మైక్రోబయాలజీ, రసాయనశాస్త్రం తీసుకుని, ఐఐటీ జామ్ ప్రవేశపరీక్ష ద్వారా ఎమ్మెస్సీ, సీఎస్ఐఆర్ నెట్ అర్హత పరీక్షతో పీహెచ్‌డీ చేయాలి. శైవలాల వర్గీకరణ, సేకరణపై ఆసక్తి ఉంటే తిరుచిరాపల్లి భారతిదాసన్ విశ్వవిద్యాలయంలోని సముద్ర సయనోబాక్టీరియా కేంద్రం చూడదగినది.

అంతరిక్ష ఉద్యోగాలు మన దేశంలో చాలా తక్కువ. అయినా రియాక్టర్ నడపడం నేర్చినవారికి స్పైరులినా ఉత్పత్తిలో, మురుగునీటి శుద్ధిలో, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ టీకా పరిశ్రమలో చోటుంటుంది. ఆ ధైర్యంతోనే పంపండి.

ఈలోగా ఆసక్తిని పరీక్షించుకునే మార్గం ఒకటుంది. కళాశాల ప్రయోగశాలలో, అధ్యాపకుల పర్యవేక్షణలో, లీటరుకు 16.8 గ్రాముల సోడియం బైకార్బనేట్ ఉన్న పోషక ద్రావణంలో స్పైరులినా పెంచమనండి. పీహెచ్, ఉష్ణోగ్రత, రంగు రోజూ ఒకే వేళకు నోటుబుక్కులో రాయాలి. ముదురు ఆకుపచ్చ రంగు ఏ రోజున పసుపుకు తిరిగిందో, అంతకు ముందురోజు ఏం మారిందో ఆమె వెతికి పట్టుకోగలిగితే, ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో బయోటెక్నాలజీని నిస్సందేహంగా మొదటి ఐచ్ఛికంగా పెట్టించండి.