నాన్నకి అప్పుడప్పుడు దడ, హోల్టర్ నార్మల్ – ఈసీజీ బనియన్ కొనాలా?

నెలకి ఒకట్రెండు సార్లు నాన్నకి దడ వస్తోంది, 24 గంటలు ఒంటికి కట్టి ఈసీజీ రికార్డ్ చేసే హోల్టర్‌లో ఏం దొరకలేదు, సెన్సార్లున్న షర్ట్ కొంటే ఉపయోగం ఉంటుందా అని అడిగారు కదా. ఉంటుందండి, కానీ ముందు మీ కార్డియాలజిస్ట్‌ని అడగండి, ఎందుకంటే షర్ట్ రికార్డ్ చేసే ఈసీజీ గీతలు చూసి చెప్పాల్సింది ఆయనే.

తెనాలిలో ఉండే మా నాన్నగారిదీ ఇదే పరిస్థితి. దడ వచ్చిందని ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లేలోపే తగ్గిపోయేది, ఈసీజీ తీస్తే అంతా బానే ఉందనేవాళ్లు, హోల్టర్ పెట్టిన రోజేమో దడ రానే రాలేదు, పైగా ఆ స్టిక్కర్లకి ఛాతీ మీద చర్మం కందిపోయి ఒకటే దురద. నెలకోసారి వచ్చేదాన్ని ఒక్కరోజులో పట్టుకోవడం కష్టమే కదా. డాక్టర్ గారు సరే అన్నాకే కెనడాలో ఉన్న మా బావ చేత ఈ షర్ట్ తెప్పించాం.

చూడ్డానికి బిగుతు బనియనే. లోపలి వైపు వెండి పూత ఉన్న దారంతో నేసిన పట్టీలుంటాయి, అవే ఎలక్ట్రోడ్లు, అంటే గుండె కరెంటు సిగ్నల్ పట్టుకునేవి, జెల్ అక్కర్లేదు. రికార్డ్ చేసే చిన్న డబ్బా పక్క జేబులో ఉంటుంది, ఉతికేటప్పుడు తీసేయాలి. 1940ల్లో అమెరికాలో నార్మన్ హోల్టర్ ఇదే పనికి వీపున మోసిన పెట్టె దాదాపు 38 కిలోలట, హోల్టర్ టెస్ట్ అనేది ఆయన పేరే. బట్టలోనే సెన్సార్లు అల్లే పని కూడా 1996లోనే అట్లాంటాలో జార్జియా టెక్‌లో సుందరేశన్ జయరామన్ గారి బృందం మొదలుపెట్టింది, అది గాయపడిన సైనికుల కోసం.

అసలు ఇబ్బంది పట్టీ చర్మానికి అంటుకుని ఉండటంలోనే. ఒళ్లు పొడిగా ఉంటే గీత సరిగ్గా రాదు, పట్టీ కొంచెం తడిపి వేసుకోవాలి, చెమట పడితే ఇంకా బాగా వస్తుంది కానీ మన ఎండల్లో పెద్దవాళ్లు అంత బిగుతుది రోజంతా ఉంచుకోరు. నడిచినా చేతులు ఊపినా గీతలు చెదిరిపోతాయి. అందుకే నాన్నగారికి రాత్రిళ్లు వేసేవాళ్లం, ఒక తెల్లవారుజామున దడ వచ్చినప్పుడు శుభ్రంగా రికార్డ్ అయింది, డాక్టర్ గారు చూసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం అన్నారు. ఇది తెలియకుండా ఉండిపోతే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంటుంది, ఇప్పుడు రక్తం పల్చబడే మందు వాడుతున్నారు.

కొనేముందు ఒకటి తప్పకుండా చూడండి, చాలా షర్టులు గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అంకె మాత్రమే ఇస్తాయి, డాక్టర్‌కి కావాల్సింది ఈసీజీ గీత, అది పీడీఎఫ్‌గా తీసుకోగలగాలి. గుండెపోటు, గుండె రక్తనాళాల్లో బ్లాక్స్ లాంటివి దీంతో తెలియవు. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే జాకెట్ ఒకటుంది, అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది, అది వేరే, దీన్ని అదనుకోవద్దు.

నాన్నకి కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీ నొప్పి ఉంటే మాత్రం షర్ట్ కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాంటివి లేకపోతే ముందు 14 రోజుల ప్యాచ్, అంటే ఛాతీకి అంటించే చిన్న ఈసీజీ రికార్డర్ దొరుకుతుందేమో అడగండి, ఖర్చు తక్కువ కావచ్చు. దడ మరీ అరుదుగా వస్తుంటే చర్మం కింద పెట్టి గుండె లయ రికార్డ్ చేసే చిన్న పరికరం, లూప్ రికార్డర్ ఉంది, ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

షర్టే అనుకుంటే టేపుతో ఛాతీ కొలిచి ఆర్డర్ పెట్టండి, మామూలు షర్ట్ సైజు చెప్తే వదులైపోయి పట్టీ ఒంటికి ఆనదు.