గూడు సంగతి నీ నోటే వినాలి

చిట్టీ,

నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పొయ్యి మీద చారు పొంగుతోంది, మీ పెదనాన్నేమో కళ్లజోడు కనపడట్లేదని గోల. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

‘ది వైల్డ్ రోబోట్’ బొమ్మల సినిమా పాపకి చూపించొచ్చా అన్నావు. చూపించు. ఈ ఆదివారం మాత్రం వద్దు. ముందు నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది, దాన్ని దత్తత తెచ్చుకున్న సంగతి దానికి చెప్పడం. నాలుగేళ్లుగా వాయిదా వేస్తున్నావు.

2024లో ఆ సినిమా వచ్చాక మా వాడే నన్ను పక్కన కూచోబెట్టుకుని చూపించాడు. తుపానుకి దీవిలోకి కొట్టుకొచ్చిన రోజ్ అనే రోబో కొండ మీంచి దొర్లి అడవి బాతు గూటి మీద పడుతుంది. మిగిలేది ఒక్క గుడ్డు. అందులోంచి వచ్చిన పిల్ల కళ్లు తెరవగానే రోజ్‌ని చూసి వెంటపడుతుంది. అది కథ కోసం అల్లింది కాదు. లోరెంజ్ అనే శాస్త్రవేత్త వెనక బాతుపిల్లలు అలాగే బారులు తీరేవి, ఆయనకి 1973లో నోబెల్ కూడా ఇచ్చారు. మా అమ్మకి ఆ సంగతి నోబెల్ లేకుండానే తెలుసు. కోడిపెట్ట కింద బాతుగుడ్లు పెట్టేది. కోడిగుడ్డు 21 రోజులకి పిల్లవుతుంది, బాతుగుడ్డుకి 28 పడుతుంది. ఆ పై వారమంతా పెట్ట కదలకుండా పొదిగేది. తీరా పిల్లలు చెరువులోకి దిగితే గట్టు మీద అటూ ఇటూ పరుగులు పెట్టేది, పాపం.

అసలు దెబ్బ గూడు చితికినప్పుడు కాదు, ఆ తర్వాత తగులుతుంది. పిల్ల, బ్రైట్‌బిల్, పెద్దవాడై తోటి బాతుల్లో కలవబోతే అవి ఎగతాళి చేస్తాయి. తనవాళ్లు ఎలా పోయారో అప్పుడు తెలుస్తుంది వాడికి. రోజ్ ముందే చెప్పలేదు. అక్కడ నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా వాడు నావైపు చూడలేదు.

వాడికి పదకొండేళ్లప్పుడు ఒక పెళ్లిలో, బంతిలో కూచుని ఉండగా, చుట్టాలావిడ ఒకావిడ ‘పెంచుకున్న పిల్లాడైనా ఎంత పోలికో’ అంది. ప్రేమగానే అంది. ఇంటికొచ్చాక వాడు అడిగింది ఒక్కటే: “నాకు తప్ప అందరికీ తెలుసా?” మూడు రోజులు నా చేతి అన్నం ముట్టలేదు. తెచ్చుకున్నందుకు కాదు వాడి కోపం. ఊరందరికీ తెలిసింది తనకి తెలియనందుకు. కర్ణుడికి మాత్రం ఎప్పుడు చెప్పారు? రేపు యుద్ధమనగా. అంతా విని కూడా రాధే నా తల్లి అన్నాడు, అది వేరే సంగతి.

కాబట్టి ఈ వారం తలకి నూనె రాసేటప్పుడు చెప్పు. ముహూర్తం పెట్టి ఎదురుగా కూచోబెట్టుకున్నావా, పిల్ల బెదిరిపోతుంది. ‘నువ్వు ఇంకొక అమ్మ కడుపులో పుట్టావు. నేనూ నాన్నా శిశుగృహకి వచ్చి నిన్ను ఇంటికి తెచ్చుకున్నాం. ఆ రోజు నీ గౌను పసుపు రంగుది.’ అంతే. ఆ గౌను దాచావుగా, తీసి చూపించు. మళ్లీ అడిగితే మళ్లీ చెప్పు, పదిసార్లడిగినా. దేవుడు పంపాడనీ, ఆవిడ వదిలేసిందనీ అనకు. తెలియనిది అల్లకు. తెలియదనే చెప్పు.

సినిమా పెట్టాక మధ్యలో ఆపి ‘చూశావా, నువ్వూ ఆ బాతుపిల్లలాగే’ అని మాత్రం అనకు. అందులో తల్లి చచ్చిపోయింది, అదీ రోబో వల్లే. పిల్ల బుర్ర ఎక్కడికి పోతుందో మనకేం తెలుసు? ‘మా అమ్మ కూడా చచ్చిపోయిందా?’ అంటే కంగారుపడకు, నీకు తెలిసినంతే చెప్పు.

ఒక్క చోట నాకు ఆ సినిమా నచ్చలేదు. వీడు బక్కపిల్ల, ఆ ప్రమాదం జరక్కపోతే బతికేవాడే కాదంటుంది ముసలి బాతు. రోజ్‌కి ఊరటగా అన్నమాటే అనుకో. మన ఇళ్లలో అదే మాట ‘మీరు తెచ్చుకోకపోతే ఏమైపోయేదో’ అని వస్తుంది. ‘సొంత పిల్లలా చూసుకుంటున్నావు, పుణ్యాత్మురాలివి’ అంటారు. పిల్ల వింటుండగా ఎవరన్నా సరే, అత్తగారైనా సరే, అక్కడే ఆపు. అమ్మా నాన్నలకి బాకీ ఉన్నాననుకుంటూ పెరగకూడదు అది.

తల్లి పని తన ప్రోగ్రాంలో లేదని రోజ్ అంటే, అది ఎవరికీ ఉండదని ఆ గంపెడు పిల్లల ఒపోసమ్ అనే జంతువు తల్లి అంటుంది చూడు, అది మాత్రం నిజం. నువ్వు రాత్రుళ్లు నిద్రపట్టక ‘నాకు చేతవుతోందా పెద్దమ్మా’ అని మెసేజ్‌లు పెడుతుంటావు కదా, అందుకు రాస్తున్నాను.

ఇంకొకటి. దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా ద్వారా వచ్చిన కాగితాలు, పాప గురించిన నివేదిక, వైద్య పరీక్షల నివేదిక, దత్తత ఉత్తర్వు అన్నీ ఒకచోట పెట్టు. పద్దెనిమిది నిండాక తన మూలాలు వెతుక్కుంటానని అదే స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకుముందైతే మీతో కలిసి పెట్టుకోవాలి. మా వాడు అడిగిన రోజున నా దగ్గర ఒక్క చిరిగిన కాగితమే ఉంది. ఇనప్పెట్టె అంతా తిరగేశాం.

సినిమా పై ఆదివారం పెట్టు. గంటా నలభై నిమిషాలు పైనే, మధ్యలో తినడానికి ఏమైనా దగ్గర పెట్టుకో. అయ్యాక పాప ఏమందో ఫోన్ చేసి చెప్పు. తొమ్మిది దాటితే చెయ్యకు, మీ పెదనాన్న పడుకుంటారు.

మీ పెద్దమ్మ