రచ్చకట్ట ప్రశ్నలు: అమెరికా చెనక్కాయ, అనంతపురం సంతకం

(ఈ శీర్షిక రాసేది రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరై, అనంతపురంలో ఉంటున్న ఒక డిప్యూటీ తహసీల్దారు.)

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ రైతుల బిల్లుకు రెండు పార్టీలూ కలిసి ఓటేస్తాయంట. మన దగ్గర ఒకరు తెస్తే ఇంకొకరు చించేస్తారు. వాళ్లు అంత మంచోళ్లా సార్?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

మంచితనం కాదండీ, బేరం. అక్కడ దాన్ని ఫార్మ్ బిల్ అంటారు. 1933లో మొదలైంది. సుమారు అయిదేళ్లకోసారి మళ్లీ పాస్ చేసుకోవాలి. 1973లో వాళ్లు ఒక తెలివైన పని చేశారు. పేదలకిచ్చే ఆహార కూపన్లను కూడా ఇదే బిల్లులో కలిపేశారు. పల్లెల సభ్యుడికి పంట సాయం కావాలి, పట్నం సభ్యుడికి కూపన్లు కావాలి. ఒకరి చెయ్యి లేవకపోతే ఇంకొకరి పని కాదు. 2018 బిల్లు ఖర్చులో నూటికి 75 పైచిలుకు ఆ ఆహార సాయానిదే. పేరుకు రైతు బిల్లు, లోపల ఉన్నది పెద్ద రేషన్ షాపు!

అయినా ప్రతిసారీ సాఫీగా ఏం జరగదు. 2013 జూన్‌లో ప్రతినిధుల సభలో (అది అక్కడి దిగువ సభ) 195 మంది అవునంటే 234 మంది కాదన్నారు. అప్పుడు కూపన్లను పక్కన పెట్టి, ఒక్క పొలాల భాగాన్నే 216–208తో గట్టెక్కించారు. చివరికి రెండూ మళ్లీ కలిశాకే 2014 ఫిబ్రవరిలో చట్టమైంది. 2018 మే నెలలో మళ్లీ అదే సభలో బిల్లు ఓడింది. జూన్‌లో రెండు ఓట్ల తేడాతో బయటపడింది. సెనేట్‌లో మాత్రం వ్యవసాయ కమిటీ ఛైర్మన్, రిపబ్లికన్ పాట్ రాబర్ట్స్, డెమోక్రాట్ డెబ్బీ స్టాబెనోతో కూర్చుని మాట్లాడుకున్నాడు. పని చేస్తేనే కూపన్లు అంటూ దిగువ సభ పెట్టదలచిన కొత్త షరతులు తుది బిల్లులో చాలా వరకు ఎగిరిపోయాయి. డిసెంబర్‌లో సెనేట్‌లో 87–13, కింది సభలో 369–47. దాని గడువు 2023లో తీరిపోతే పొడిగింపులతో నెట్టుకొచ్చారు. మీ అబ్బాయికి ఆ ముక్క కూడా చెప్పండి.

మన జిల్లావాళ్లకు ఒక సంగతి చెప్పాలి. జార్జియా రాష్ట్రం మనలాగే చెనక్కాయ సీమ. అక్కడ ఎవరెంత చెనక్కాయ అమ్ముకోవాలో కోటా ఉండేది. ఆ కోటా చేతిలో పెట్టుకుని, తాము సేద్యం చెయ్యకుండా ఇంకొకరికి బాడుగకిచ్చిన వాళ్లూ ఉండేవారు. 2002 బిల్లులో కోటా తీసేశారు. ఊరికే తీసేస్తే ఓట్లు పడవు కదా, కోటా ఉన్నవాళ్లకు పరిహారం కట్టారు. దున్నేవాడు ఒకడు, కాగితం ఉన్నవాడు ఇంకొకడు. ఈ మాట కింద మళ్లీ వస్తుంది.

మా ఊళ్లో రెండు వర్గాలు. ఒక వర్గం టీ తాగే అంగట్లో ఇంకో వర్గం తాగదు. ఒక ఏడాది వాన మండల కేంద్రంలోని రెయిన్ గేజ్‌లో పడింది, మా చేలల్లో పడలేదు. ఇన్సూరెన్స్ లెక్క ఆ గేజ్ ప్రకారమే. అర్జీ పట్టుకుని రెండు వర్గాలూ ఒకే జీపులో పోయాయి. జీపులో ఎవరూ మాట్లాడుకోలేదు, కానీ అర్జీ మీద సంతకాలు మాత్రం ఒకదాని కింద ఒకటి పడ్డాయి.

ప్రశ్న: మన పార్లమెంటులో అట్లా ఎప్పుడైనా జరిగిందా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జరిగిందమ్మా, భూసేకరణ చట్టం. 1894 నాటి పాత చట్టాన్ని మార్చడానికి కాంగ్రెస్ ప్రభుత్వం 2011 సెప్టెంబర్‌లో బిల్లు పెట్టింది. దాన్ని పరిశీలించిన స్టాండింగ్ కమిటీకి అధ్యక్షురాలు బీజేపీ సభ్యురాలు సుమిత్రా మహాజన్. మంత్రి జైరాం రమేశ్. అఖిలపక్ష సమావేశాలు జరిగాయి, అప్పటి లోక్‌సభ ప్రతిపక్ష నేత సుష్మా స్వరాజ్ అడిగిన సవరణలకు ప్రభుత్వం ఒప్పుకుంది. 2013 ఆగస్టు 29న లోక్‌సభలో 216–19. ప్రైవేటు కంపెనీ కోసమైతే నూటికి 80 మంది సమ్మతి కావాలన్నారు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కౌలుదారును, కూలీని కూడా బాధిత కుటుంబాల్లో చేర్చారు. నేను ఫైళ్లు మోసిన పాత చట్టంలో ఆ మనిషి అట్లా బాధిత కుటుంబంగా కనపడడు.

అదే బీజేపీ అధికారంలోకొచ్చాక, 2014 డిసెంబర్ 31న సమ్మతి షరతును సడలిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. చట్టం చెయ్యలేక 2015 ఆగస్టులో వదిలేసింది.

2020 సాగు చట్టాల సంగతి నీకు తెలిసే ఉంటుంది. జూన్ 5న ఆర్డినెన్సులు. సెప్టెంబర్ 20న రాజ్యసభలో ప్రతిపక్షం సెలెక్ట్ కమిటీకి పంపమంటే పంపలేదు, ఓట్లు లెక్కపెట్టమంటే లెక్కపెట్టలేదు, మూజువాణి ఓటుతో సరి. 2021 నవంబర్ 29న రద్దు బిల్లు కూడా చర్చ లేకుండానే పోయింది. ఆ చట్టాల్లో మంచి ఎంత, చెడు ఎంత అని మా ఇంట్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. పాస్ చేసిన తీరు మాత్రం నాకు నచ్చలేదు. కమిటీ గదిలో నాలుగు నెలలు తిట్టుకుని ఉంటే, ఢిల్లీ రోడ్డు మీద ఏడాది కూర్చోవాల్సి వచ్చేది కాదేమో.

ప్రశ్న: గుత్తకు ఆరెకరాలు చేస్తున్నా. సీసీఆర్సీ కార్డుకు (పంట సాగుదారు హక్కుల కార్డు) ఆసామి సంతకం పెట్టనంటున్నాడు. ఈ చట్టంతో నాకేం లాభం?
– ఒక కౌలు రైతు, కళ్యాణదుర్గం

2011 నాటి కౌలుదారుల చట్టంలో రుణ అర్హత కార్డు ఉండేది. దానికి ఆసామి సంతకం తప్పనిసరి కాదు. కానీ భూమి రికార్డుల్లోకి కౌలుదారు ఎక్కుతాడేమోనని ఆసాములు హడలిపోయారు. ఆ భయం తీర్చడానికే మీ సీసీఆర్సీ కార్డు తెచ్చిన 2019 చట్టంలో కార్డు గడువు 11 నెలలు అన్నారు, ఆసామి హక్కుకు ఢోకా లేదని రాశారు, ఆసామి సంతకం ఉండాలన్నారు. భయం పోలేదు, సంతకం మాత్రం మీకు అడ్డమైంది.

మీ ఆసామిని తిట్టే అర్హత నాకు లేదు. నాకూ ఏడెకరాల మెట్ట ఉంది, గుత్తకిచ్చాను. చేసే పిల్లోడు వీఆర్వో దగ్గర ఫారం తీసుకుని మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని, నేను కళ్లద్దాలు వెతుకుతున్నట్టు నటించాను. జేబులోనే ఉన్నాయి! వచ్చే వారం రమ్మన్నాను. తర్వాతి వారం ఊళ్లో లేనన్నాను. ఆ ఏడు పంట ఎండింది. ఈ-క్రాప్‌లో, అంటే సర్కారు పంట నమోదులో, నా పేరుంది, అందుకని పంట నష్టం డబ్బు నా ఖాతాలో పడింది. విత్తనాలు, ఎరువు, ఎద్దుల బాడుగ అన్నీ వాడివి. ఆ డబ్బు తీసుకెళ్లి ఇస్తే, "పోనీలే సార్, మీరిచ్చినారు, వేరేవాళ్లయితే ఇయ్యరు" అన్నాడు. ఆ మాట నన్ను మెచ్చుకోవడానికి అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ సాయంత్రమే ఫారం తెమ్మన్నాను.

మీరు విత్తు వెయ్యకముందే అడగండి, ఈ-క్రాప్ నమోదు అయ్యాక అడిగితే ఆలస్యం. ఫారంలో 11 నెలలు అన్న లైను దగ్గర వేలు పెట్టి చూపించండి. ఆసామి చదువుకున్నవాడైతే ఇంట్లో ఆడవాళ్ల ముందు చదివి వినిపించండి, సంతకం వద్దనేది చాలాసార్లు వాళ్లే. అప్పటికీ వినకపోతే ఆయన్ని నా దగ్గరికి తీసుకురండి. కళ్లద్దాల సంగతి నేనే చెప్తాను.