‘సపోర్ట్’ అంతా మద్దతేనా?

సందేహం: ‘సపోర్ట్’ అనే మాట లేకుండా మాకు రోజు గడవడం లేదు. దానికి బదులు ‘మద్దతు’ అని రాస్తే అన్నిచోట్లా చెల్లుతుందా? ‘మద్ధతు’ అని రాయడం సరైనదేనా? అసలది తెలుగు మాటేనా? ‘ఈ ఫోన్ ఆ యాప్‌ను సపోర్ట్ చేయదు’ అన్న వాక్యాన్ని ఎలా చెప్పాలి?

సమాధానం: అన్నిచోట్లా చెల్లదు. ఒక పక్షమో, అభిప్రాయమో, డిమాండో ఉండి, ‘మేమూ మీ వైపే’ అని చెప్పే సందర్భంలో మద్దతు చక్కగా అమరుతుంది. సమ్మెకు మద్దతు తెలుపుతారు, అభ్యర్థికి మద్దతు ఇస్తారు, ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకుంటారు. తీర్మానం దగ్గరికి వస్తే ‘బలపరచడం’ ఇంకా మంచిది: ఒకరు ప్రతిపాదిస్తారు, ఇంకొకరు బలపరుస్తారు. తండ్రి పోయిన ఇంట్లో పెద్దకొడుకు చేసేది మాత్రం మద్దతు కాదు. ‘ఆ కుటుంబానికి అతడే ఆధారం’ అంటాం, ‘ఇంటిల్లిపాదినీ పోషిస్తున్నాడు’ అంటాం. అక్కడ ‘ఫ్యామిలీని సపోర్ట్ చేస్తున్నాడు’ అంటే అతడు మోస్తున్న బరువు మాటలోకి రాదు.

కాబట్టి సపోర్ట్‌కు ఒక్క మాట వెతకడం మానేసి, ఎవరు, ఎవరికి, దేనితో సాయపడుతున్నారో చూసుకోవాలి. ఆ తేడాలన్నీ తెలుగు మాటల్లో ముందే ఉన్నాయి. ‘చేదోడు వాదోడు’ తీసుకోండి. చేయి, తోడు కలిస్తే చేదోడు. వాయి అంటే నోరు. దానికి తోడు చేరితే వాదోడు. పనిలో చేయి కలపడం ఒకటి, మాటసాయం ఇంకొకటి. రెండూ చేసే మనిషిని ఒక్క జంటపదంలో చెప్పేశారు మన పెద్దలు. ఇంత పొందికైన మాటను పెళ్లి శుభలేఖలకీ సన్మానపత్రాలకీ వదిలేసి, రోజువారీ మాటల్లోంచి జారవిడుచుకుంటున్నామే అని నాకు బాధగా ఉంటుంది.

ఇదే తీరులో చేయి, ఊత కలిసి చేయూత అయింది. ఊను అనే క్రియ నుంచి వచ్చింది ఊత. నడవలేనివారు ఊనుకునేది ఊతకర్ర, మాట తడబడినప్పుడల్లా నోటికి వచ్చేది ఊతపదం. చేయూతలో కూడా పడినవాడు లేవడానికి ఊనుకునే చేయి ఉంది. అండ అలా కాదు. అండ అంటే దాపు, దగ్గరితనం. ఏమీ చేయకపోయినా పక్కన ఉన్నారన్న ధైర్యమే అండ. అందుకే ‘కొండంత అండ’ అంటాం గానీ ‘కొండంత చేయూత’ అనం. ‘అండ చేశారు’ అనీ అనం. అండగా ఉంటారు, అండగా నిలుస్తారు. బాసటకీ ‘నిలవడమే’ సహజం. ఏ నామవాచకానికి ఏ క్రియ అన్నది చెవికి పట్టుబడాలి. అన్నిటికీ ‘చేయడం’ తగిలించే అలవాటు సపోర్ట్‌తోనే వచ్చి పడింది.

ఇంకో విశేషం ఉంది. ఇంగ్లీషు మాటకు మంచి సపోర్ట్, చెడ్డ సపోర్ట్ అన్న తేడా లేదు. తెలుగులో ఉంది. తప్పు చేసిన కొడుకును తల్లి ‘సపోర్ట్ చేసింది’ అంటే మీరు ఆమెను మెచ్చుకుంటున్నారో, తప్పుపడుతున్నారో తెలియదు. ‘వెనకేసుకొచ్చింది’ అనండి, సంగతి తేలిపోతుంది. అన్యాయానికి తోడుంటే ‘కొమ్ముకాయడం’, పెద్దవాళ్లు ఏమన్నా అవునంటే ‘వత్తాసు పలకడం’, ‘వంతపాడటం’. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఉండే వంతలిద్దరిదీ గౌరవమైన పనే. వాడుకలో ఆ మాటకు నింద అంటుకుంది.

ఇక మద్దతు పుట్టుక. అరబ్బీ ‘మదద్’ పారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరింది. హిందీలో మదద్ అంటే ఏ సహాయమైనా కావచ్చు. తెలుగుకు వచ్చాక అది ఎక్కువగా ఒక పక్షాన నిలవడానికే పరిమితమైంది. మద్దతుదారులోని ‘దారు’ కూడా జమీందారులో ఉన్న పారసీ ప్రత్యయమే. ఆసరా హిందీ నుంచి వచ్చింది; దాని మూలం మళ్లీ సంస్కృత ‘ఆశ్రయం’. వీటిని పరాయివని తోసేయాలన్న వాదం నాకు నచ్చదు. ఇంతకాలం మన నాలుక మీద మెలిగి, మన అర్థాలు దిద్దుకున్న మాటలు మనవే.

రాయడం మాత్రం ‘మద్దతు’ అనే రాయాలి. మూలంలో మహాప్రాణం, అంటే ధ లాంటి ఒత్తి పలికే అక్షరం, లేదు. ‘పద్ధతి’ని చూసి చాలామంది ఇక్కడా ధకారం పెడుతున్నారు. పద్, హతి కలిసి పద్ధతి అయింది గనక అక్కడ ద్ధ న్యాయం. అక్కడ తీసేసి ‘పద్దతి’ అనీ, ఇక్కడ పెట్టి ‘మద్ధతు’ అనీ రాయడం రెండు తప్పులు.

యంత్రాల విషయంలో టెక్నికల్ సపోర్ట్‌ను సాంకేతిక సహాయం అనవచ్చు. మీరడిగిన ఫోన్ వాక్యాన్ని యంత్రానువాదాలు ‘ఈ ఫోన్ ఆ యాప్‌కు మద్దతు ఇవ్వదు’ అని మారుస్తున్నాయి. ఫోన్ ఏ పక్షమూ వహించదు కదా! అక్కడ సపోర్ట్‌కు సమానార్థకమే అక్కర్లేదు. ‘ఈ ఫోన్లో ఆ యాప్ పనిచేయదు’ అంటే చాలు. ‘ఈ ఫోన్ తెలుగును సపోర్ట్ చేస్తుంది’ అన్నదాన్ని ‘ఈ ఫోన్లో తెలుగు చదవొచ్చు, రాయొచ్చు’ అనండి. ఒకవేళ చదవడానికి మాత్రమే వీలుంటే, ఆ సంగతీ ఈ వాక్యంలోనే చెప్పొచ్చు.