మార్సియానోను ఉసిక్‌తో ఎలా పోల్చాలి?

49 పోరాటాల్లో 49 గెలిచాడు కాబట్టి, నేటి ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ కన్నా 1950ల అమెరికా హెవీవెయిట్ బాక్సర్ రాకీ మార్సియానోనే గొప్ప అనేయడం తొందరపాటు. ముందు రౌండ్ల లెక్క చూడండి. 1952 సెప్టెంబరు 23న అప్పటి ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్‌తో 15 రౌండ్ల పోరులో 12 రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు జడ్జీల దగ్గరా మార్సియానో వెనకబడే ఉన్నాడు. 13వ రౌండులో, వాల్కాట్ తాళ్ల దగ్గరికి జరిగాక, కురచ కుడిచేతి గుద్దు ఒక్కటి దవడకు తగిలింది. ఎడమ చేయి తాడుకు వేలాడుతుండగా వాల్కాట్ మోకాళ్ల మీద కూలాడు. ఇప్పటి 12 రౌండ్ల నిబంధనైతే ఆ ఛాంపియన్ బెల్టు వాల్కాట్‌దే! 1982లో 14వ రౌండులో పడిపోయిన కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ మరణించాక ప్రపంచ బాక్సింగ్ సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ 15 రౌండ్లను 12 చేసింది, మిగతా సంస్థలూ అదే దారి పట్టాయి. పాతవాళ్లు ఆఖరి మూడు రౌండ్లకు దమ్ము దాచుకోవాల్సి వచ్చేది, అందుకే మొదట్లో నెమ్మదిగా కనిపించేవాళ్లు. వాళ్ల వేగాన్ని తక్కువ అంచనా వేయడానికి ఇదొక కారణం.

ఇక బరువు. మార్సియానో సుమారు 85 కిలోలు, నేడైతే 90.7 కిలోల పరిమితి ఉన్న క్రూజర్‌వెయిట్‌లోకి (హెవీవెయిట్ కన్నా తక్కువ బరువు తరగతి) వస్తాడు. ఉసిక్ 2024 మేలో బ్రిటన్ హెవీవెయిట్ బాక్సర్ టైసన్ ఫ్యూరీని ఓడించినప్పుడు 101 కిలోలు. ఇద్దరినీ ఊహల్లో ఒకే రింగులో నిలబెట్టడం కన్నా, ఎవరు తమ కాలపు మేటి ప్రత్యర్థులను ఎంత మందిని ఓడించారో చూడడమే సరైన పోలిక.