పోస్ట్‌డాక్‌కి వచ్చాను, పీఎంపీ చేయాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసి జర్మనీకి పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) వచ్చాను. ఎక్కడ ఇంటర్వ్యూకి వెళ్లినా ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, రిస్క్ అంటున్నారు. పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్ తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. పీఎంపీకి డిగ్రీ ఉన్నవాళ్లను కూడా 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ అడుగుతారు. కంపెనీకి మారాలనుకున్నప్పుడు దాని సంగతి చూడొచ్చు. ముందు మీ ల్యాబ్ పనికి ఒక రిస్క్ పట్టిక రాయండి.

ఎక్సెల్‌లో నాలుగు కాలమ్‌లు చాలు: ఏది చెడొచ్చు, ఎంత అవకాశం, చెడితే ఎంత దెబ్బ, అప్పుడేం చేస్తాం. ‘ప్రయోగం ఫెయిలవ్వచ్చు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘యాంటీబాడీ కొత్త లాట్ (బ్యాచ్) సరిగా పనిచేయకపోవచ్చు. అవకాశం మధ్యస్థం, దెబ్బ పెద్దది. పాత లాట్ మిగిలి ఉండగానే రెండూ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తాం’ అని రాయండి. శాంపిల్స్ దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఆగిపోతే? సగం శాంపిల్స్ వేరే బిల్డింగ్‌లో ఉంచాలి. ఎలుకలతో పని ఉంటే అనుమతికే నెలలు పడుతుంది, దాన్నీ ప్లాన్‌లో వేయాలి.

మనవాళ్లకు పట్టిక రాయడం కష్టం కాదు, బాస్‌కి చూపించడమే కష్టం. ప్రతి మీటింగ్‌లో ‘వచ్చే వారం అయిపోతుంది సార్’ అంటూ లోపల టెన్షన్ పడతారు. నేను చూసినంతలో ఇక్కడి ప్రొఫెసర్లు ఆలస్యాన్ని ఓర్చుకుంటారు గానీ, ఆఖర్లో తెలిస్తే మాత్రం ఊరుకోరు. ‘డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ మూడు వారాలు వెనకబడింది. ఈలోపు పాత డేటా విశ్లేషించనా, శాంపిల్స్ వేరే చోటికి పంపనా?’ అని ముందే అడగండి. ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి కూడా ఇలాంటి సంఘటనే పనికొస్తుంది.

ఈ పట్టిక ఫెలోషిప్ దరఖాస్తుకూ పనికొస్తుంది. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్ మార్కుల్లో 20 శాతం అమలు విభాగానివే. పని ప్రణాళిక, రిస్కులు అందులోకే వస్తాయి. సైన్స్ భాగాన్ని పదిసార్లు తిరగరాసి, దీన్ని ఆఖరి రాత్రి నింపేవాళ్లే ఎక్కువ. అలా చేయకండి.

ఇంకొకటి. మీ కాంట్రాక్టు గడువు, రెసిడెన్స్ పర్మిట్ గడువు కూడా ఆ పట్టికలో పైనే ఉండాలి. యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ తర్వాత ఇచ్చే తాత్కాలిక కాంట్రాక్టులకు చట్టం మామూలుగా ఆరేళ్ల హద్దు పెట్టింది. పెద్ద ఊళ్లలో విదేశీయుల ఆఫీసు అపాయింట్‌మెంట్ ఓ పట్టాన దొరకదు. ‘ఫండింగ్ వస్తుందిలే’ అన్న నోటిమాట చూసి పర్మిట్ పొడిగించరు కాబట్టి, పొడిగింపు కాగితం ఎప్పుడిస్తారో ప్రొఫెసర్‌ని ఆరు నెలల ముందే అడగండి.