ఆ సింహం పాట ఎవరిది? తెలుగులో పాడుకోవచ్చా?

ప్రశ్న: మేం నలుగురం మిత్రులం. విశాఖపట్నంలో వాయిద్యాలు లేకుండా గొంతులతోనే పాటలు కట్టి పాడుతుంటాం. ‘ద లయన్ స్లీప్స్ టునైట్’ పాటను తెలుగులోకి తెచ్చి, రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటున్నాం. అది ఆఫ్రికా జానపద గీతం, ఎవరినీ అడగక్కర్లేదని మాలో ఒకరు అంటున్నారు. అది టోకెన్స్ బృందం పాట, అమెరికా వాళ్లను అడగాలని ఇంకొకరి వాదన. ఎవరిది నిజం? అమెరికాలో ఉన్న మా అన్నయ్య తన ఛానెల్‌లోనూ పెడతానంటున్నాడు. ఇబ్బంది వస్తుందా?

జవాబు: మొదటి మాట తప్పు. రెండోది సగమే నిజం. అది జానపదం కాదు. దాన్ని కట్టిన మనిషి పేరు, కట్టిన ఊరు, సంవత్సరం అన్నీ తెలుసు. ‘జానపదమే కదా’ అన్న ఆ ఒక్క మాట వల్లే ఒక కుటుంబం దశాబ్దాల పాటు నష్టపోయింది. అందుకే ముందు పాట కథ చెప్పి, తర్వాత చట్టంలోకి వస్తాను.

ఆ పాట 1939లో జొహానెస్‌బర్గ్‌లో పుట్టింది. కట్టినవాడు సాలమన్ లిండా అనే జులూ గాయకుడు. గాలో అనే రికార్డుల కంపెనీలో సరుకు సర్దే కార్మికుడు. ‘ఈవినింగ్ బర్డ్స్’ అనే తన బృందంతో అదే కంపెనీ స్టూడియోలో ‘ఎంబూబే’ పాడాడు. జులూ భాషలో ఆ మాటకు సింహం అని అర్థం. మూడోసారి పాడినది రికార్డుగా నిలిచింది. వీలైతే మీ నలుగురూ కూర్చుని ఆ పాత రికార్డు వినండి. కింది గొంతులు ఒకే మాటను తిప్పి తిప్పి పాడుతుంటాయి, వాటి మీద లిండా గొంతు తేలుతూ పోతుంది. చివరి కొద్ది సెకన్లలో అప్పటికప్పుడు గొంతు పైకెత్తి ఒక చిన్న స్వరం అల్లుతాడు. తర్వాత ఇంగ్లిష్ మాటలు కూర్చింది ఆ కాస్త స్వరం మీదే. 1952లో లిండా ఆ పాట హక్కులను 10 షిల్లింగులకు రాసిచ్చాడు.

ఆ రికార్డు జానపద గీతాల సేకర్త అలన్ లోమాక్స్ ద్వారా న్యూయార్క్‌లో గాయకుడు పీట్ సీగర్ చేతికి అందింది. పాటలోని ‘ఉయింబూబే’ అన్న మాట ఆయన చెవికి ‘వీమోవే’ అని వినిపించింది. ఆయన వీవర్స్ బృందం ఆ పేరుతోనే పాడింది. రచయిత పేరు ఉండాల్సిన చోట ‘పాల్ క్యాంప్‌బెల్’ అని పడింది. ఆ పేరుగల మనిషి లేడు. సంప్రదాయ గీతాలనుకున్న వాటికి రాయల్టీ తీసుకోవడానికి వీవర్స్ పెట్టుకున్న మారుపేరు అది. అసలు కర్త ఉన్నాడని తెలిశాక సీగర్ లిండాకు 1,000 డాలర్లు పంపాడు. కాగితాల మీద మాత్రం పరిస్థితి మారలేదు.

1961లో ఆ బాణీ బ్రూక్లిన్ కుర్రాళ్ల బృందం టోకెన్స్‌కు చేరింది. వాళ్లది డూ-వాప్ బాట. నలుగురైదుగురు కలిసి, అర్థం లేని అక్షరాలతో గొంతులనే వాయిద్యాలుగా మలిచే పద్ధతి అది. జార్జ్ డేవిడ్ వైస్, హ్యూగో పెరెట్టి, లుయిగీ క్రియేటోర్ కొత్త ఇంగ్లిష్ సాహిత్యం ఇచ్చారు. మొదట రికార్డుకు రెండో వైపు వేసిన పాట అది. ఆ డిసెంబరులో అమెరికా పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. 1972లో రాబర్ట్ జాన్ మళ్లీ పాడితే అమెరికాలో మూడో స్థానం, 1982లో టైట్ ఫిట్ పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానం. 1994లో డిస్నీ వారి ‘ద లయన్ కింగ్’ సినిమాలోనూ వినిపించింది. లిండా మాత్రం 1962లోనే పేదరికంలో చనిపోయాడు. ఏళ్ల తరబడి ఆయన సమాధికి రాయి కూడా లేదు.

వారసులకు దారి చూపింది 1911 నాటి బ్రిటిష్ సామ్రాజ్య కాపీరైటు చట్టం. రచయిత బతికుండగా హక్కులు రాసిచ్చేసినా, ఆయన చనిపోయిన 25 ఏళ్లకు అవి తిరిగి వారసత్వంలోకి వస్తాయని అందులో ఉంది. అంటే 1987లో ఈ పాట హక్కులు ఇంటికి తిరిగి రావాలి. దాని ఆధారంగా 2004లో దక్షిణాఫ్రికాలో డిస్నీ మీద కేసు వేశారు, అక్కడున్న ఆ కంపెనీ ట్రేడ్‌మార్కులను జప్తు చేయించారు. తీర్పు రాకముందే, 2006 ఫిబ్రవరిలో, పాట హక్కులు చేతిలో ఉన్న అబిలీన్ సంస్థతో రాజీ కుదిరింది. పాత బాకీ, ఇకపై వాటా, సహ స్వరకర్తగా లిండా పేరు దక్కాయి. అదే 1911 చట్టం ఒకప్పుడు మన దేశంలోనూ అమలైంది. ఇప్పుడున్న 1957 చట్టంలో ఆ 25 ఏళ్ల రక్షణ లేదు. అది పోవడం మన రచయితలకు నష్టమేనని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ సంగతి. మన దేశంలో సాహిత్యానికీ సంగీతానికీ కాపీరైటు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. లిండా 1962లో చనిపోయాడు కనుక 2022 డిసెంబరు 31తో ‘ఎంబూబే’ గడువు ముగిసింది. రాజీ ఒప్పందం ఆ గడువును పొడిగించలేదు. కాబట్టి లిండా బాణీ మీద మీ సొంత తెలుగు మాటలు రాసుకొని ఇక్కడ పాడుకోవడానికి అనుమతి అక్కర్లేదు.

1961 నాటి ఇంగ్లిష్ సాహిత్యం సంగతి వేరు. వైస్ 2010లో, క్రియేటోర్ 2015లో మరణించారు. ఆ మాటలకు ఇంకా చాలా ఏళ్ల గడువుంది. మన కాపీరైటు చట్టం సెక్షన్ 14 ప్రకారం అనువాదం చేసే హక్కు కూడా యజమానిదే. ఆ ఇంగ్లిష్ పంక్తులనే తెలుగు చేస్తే అనుమతి తప్పనిసరి. కవర్ పాటల కోసం సెక్షన్ 31సి ఉందని ఎవరైనా చెప్పవచ్చు. ముందుగా నోటీసు ఇచ్చి, మామూలుగా ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ కట్టి పాడే వెసులుబాటు అది. కానీ యజమాని ఒప్పుకోని మార్పులను ఆ సెక్షన్ అనుమతించదు. తెలుగు మాటలు పెట్టడమంటే మార్చడమే. అందుకే అది మీకు పనికిరాదు.

కాబట్టి 1961 పాట పక్కన పెట్టి, 1939 రికార్డు నుంచి మొదలుపెట్టండి. ఇంగ్లిష్ పాటలోని ఊరు, అడవి, నిద్ర వరస మీ తెలుగులోకి రాకుండా చూసుకోండి. టోకెన్స్ పాటకు ప్రత్యేకంగా చేర్చిన గొంతుల అల్లికను అనుకరించకండి. ఇంటర్నెట్‌లో దొరికే కరోకే ట్రాకులు వాడకండి, ప్రతి దానికీ ఒక యజమాని ఉంటాడు. వాయిద్యాలు లేకుండా పాడతారు కనుక మీకు వాటి అవసరమూ లేదు.

మీ అన్నయ్యను మాత్రం ఆపండి. అమెరికా లెక్క వేరు. అక్కడ 1961 పాట మీద హక్కులు బతికే ఉన్నాయి. 1939 నాటి రచనలకు కూడా అక్కడ సాధారణంగా ప్రచురణ నుంచి 95 ఏళ్ల గడువు. పైగా పాటను వీడియోతో జోడించడానికి అక్కడ విడిగా అనుమతి కావాలి. ఇక్కడ మీరు పెట్టిన వీడియోను కూడా అమెరికాలో కనబడకుండా అడ్డుకునే అవకాశం ఉంది. దానికి సిద్ధపడి పెట్టండి.

మరో మాట. గడువు తీరినా పేరు తీయడానికి వీల్లేదు. సెక్షన్ 57 కింద రచనను తనదని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది, ఆయన తర్వాత వారసులూ దాన్ని అడగవచ్చు. వీడియో కింద ‘ఆఫ్రికా జానపదం’ అని రాయకండి. ‘స్వరం: సాలమన్ లిండా, ఎంబూబే, 1939, జొహానెస్‌బర్గ్. తెలుగు మాటలు:’ అని, దాని పక్కన మీలో రాసినవారి పేరు పెట్టండి.